యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. భీమవరంలో జన్మించిన ఈ తెలుగు శాస్త్రజ్ఞుడు తన పరిశోధనా జీవితమంతా అమెరికాలోనే గడిపాడు. జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అణువును గుర్తించినవారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధక బృందానికి నాయకుడు. అదే బృందం నుండి వచ్చిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులతో క్యాన్సర్ రసాయన చికిత్సలో కొత్త అధ్యాయం మొదలయింది. కణానికి అవసరమైన ఒక పోషకం ఏ విధంగా పనిచేస్తుందో తెలిస్తే, దానిని పోలిన నకిలీ అణువుతో క్యాన్సర్ కణాన్ని ఆపవచ్చుననే ఆలోచన ఈ మందులకు మూలం.

బాల్యము, వైద్యవిద్య

సుబ్బారావు పేద నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి; అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంట్లో వరుసగా సంభవించిన మరణాల వల్ల రాజమండ్రిలో ఆయన చదువు సరిగా సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ పూర్తిచేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ధనసహాయం చేశారు. సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడాడు.

గాంధీజీ పిలుపుననుసరించి విదేశీ వస్త్రాలను విడిచి, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరవడం ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం కలిగించింది. వ్రాతపరీక్షలలో బాగా రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. మద్రాసు వైద్యసేవలో ప్రవేశానికి చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. దానితో ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్ర ఉపన్యాసకుడిగా చేరాడు.

ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తెలుగునాట దీనిని సంగ్రహణి అనేవారు. ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోతాడు. ఆ రోజుల్లో దీనికి సరైన మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావు కూడా అదే వ్యాధి బారినపడి లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందులతో కోలుకున్నాడు. ఆ మందులలో పనిచేసిన పదార్థమేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయన తరువాతి పరిశోధనలకు ఒక కారణమని జీవితచరిత్రకారుల అభిప్రాయం.

హార్వర్డ్ సంవత్సరాలు

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ హామీతోను, మామగారి ధనసహాయంతోను సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా పొందాడు. జీవనం గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చిన్నచిన్న పనులు చేసేవాడు. తరువాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరాడు.

రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగు తీవ్రతనుబట్టి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు తరతరాలుగా ప్రయోగశాలలో చేస్తూ వచ్చిన పరీక్ష ఇది. ఈ పద్ధతి సహాయంతోనే వారిద్దరూ 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా ఉన్న సిద్ధాంతానికి 1922 నోబెల్ బహుమతి లభించి ఉంది. ఈ ఆవిష్కరణలతో ఆ సిద్ధాంతం నిలవలేదు.

1930లో పిహెచ్.డి. లభించినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి రాలేదు. సుబ్బారావు కృషిలో కొంత భాగం ఫిస్కే కారణంగా వెలుగు చూడలేదని, ఆయన అప్పట్లోనే వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఏళ్ళ తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చిందని, అదే ప్రయోగశాలలో పనిచేసి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తెలిపాడు.

ఫోలిక్ ఆమ్లం

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, త్వరలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ చేపట్టిన ముఖ్యమైన పనులలో ఒకటి స్ప్రూ వ్యాధికి, ఒక రకం రక్తహీనతకు విరుగుడుగా పనిచేసే కాలేయ పదార్థాన్ని పట్టుకోవడం. ఈ పదార్థపు జాడ మొదట భారతదేశంలోనే కనబడింది. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని చూపింది. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఇటువంటి పదార్థాన్నే వేరుచేసి, ఆకును సూచించే లాటిన్ మాట నుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

లెడర్లీ బృందం దీనిని 1945లో కృత్రిమంగా తయారుచేసింది. రాబర్ట్ ఆంజియర్, స్టోక్‌స్టాడ్, కోయ్ వాలర్ మొదలైన ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు ఇందులో పాల్గొన్నారు. తెలుగు పత్రికలలో ఈ మందులన్నిటినీ సుబ్బారావు ఒక్కడే కనుగొన్నట్లు వ్రాయడం పరిపాటి. అది సరికాదు. ఏ పదార్థాన్ని వెదకాలో నిర్ణయించి, పెద్ద బృందాన్ని ఆ దిశలో నడపడం ఆయన చేసిన పని. అది తక్కువ పనేమీ కాదు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆ విధంగా, వారు పోయిన రెండు దశాబ్దాల తరువాత, చేతికి వచ్చింది.

క్యాన్సర్ చికిత్సకు దారి

బోస్టన్ బాలల ఆసుపత్రిలో రోగనిర్ధారణ నిపుణుడైన సిడ్నీ ఫార్బర్ అప్పట్లో పిల్లలలో వచ్చే లుకేమియాపై దృష్టి పెట్టాడు. ఎముక మజ్జలో తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే ఈ వ్యాధి సోకిన పిల్లలు సాధారణంగా కొద్ది నెలలలోనే మరణించేవారు. సుబ్బారావు పంపిన ఫోలిక్ ఆమ్ల సంయోగ పదార్థాలను వాడిచూడగా వ్యాధి తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు ఫార్బర్‌కు కనిపించింది. ఈ వైఫల్యమే ఆలోచనను తిప్పివేసింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణానికి ఆహారమైతే, దానిని అడ్డగించే పదార్థం కణాన్ని పస్తు పెట్టగలదు.

అటువంటి ప్రతిరోధకాలను లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు అప్పటికే తయారుచేస్తున్నారు. వాటిలో అమినోప్టెరిన్‌ను డోరిస్ సీగర్, ఆమె సహచరులు రూపొందించారు. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఆక్సిజన్ ఉన్న సమూహానికి బదులు నత్రజని ఉన్న అమినో సమూహాన్ని చేర్చితే అమినోప్టెరిన్ అవుతుంది. ఫార్బర్ దానిని 1947 డిసెంబరు చివరలో మొదటిసారి వాడాడు. 1948 జూన్‌లో ప్రచురించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, కొన్ని నెలలలో వ్యాధి తిరగబెట్టింది. అయినా ఒక రసాయనంతో లుకేమియా వెనక్కి తగ్గడం పిల్లల విషయంలో అంతవరకు ఎవరూ చూడనిది.

అమినోప్టెరిన్ కంటే సురక్షితమైన మెథోట్రెక్సేట్ క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ గర్భసంబంధమైన కోరియోకార్సినోమాను ఈ మందుతో నయం చేయవచ్చని చూపారు. శరీరంలో వ్యాపించిన ఘనకణితిని మందుతో పూర్తిగా నయం చేయడం అదే మొదలు. బాలల లుకేమియా చికిత్సలో ఇతర మందులతో కలిపి మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

మందు పనిచేసే తీరు

సుబ్బారావు జీవించి ఉండగా డి.ఎన్.ఏ. నిర్మాణం తెలియదు, అది 1953లో బయటపడింది. ఆయన మందులు ఎందుకు పనిచేశాయో ఆ తరువాతనే స్పష్టమయింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఏ.కు నకలు తీయాలి. అందుకు కావలసిన థైమిన్ తయారీకి ఫోలేట్ అవసరం. వాడిన ఫోలేట్‌ను తిరిగి పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమ్‌కు గట్టిగా అతుక్కుపోతుంది. అప్పుడు థైమిన్ కొరత ఏర్పడి, వేగంగా విభజన చెందే కణాలు ముందుగా చనిపోతాయి. మజ్జ, నోటిలోపలి పొర, ప్రేగు గోడల కణాలు కూడా వేగంగా విభజన చెందేవే కనుక మందు దుష్ఫలితాలు అక్కడే కనిపిస్తాయి.

వ్యాధి తిరగబెట్టడానికి గల కారణాలలో ఒకటి 1978లో రాబర్ట్ షిమ్కే బృందం చేసిన పరిశోధనలో తేలింది. మందుకు లొంగని కణాలు ఆ ఎంజైమ్‌కు చెందిన జన్యువును అనేక ప్రతులుగా పెంచుకుంటాయి. ఎంజైమ్ అధికంగా తయారవడంతో మందు చాలదు. జన్యువుల సంఖ్య పెరగడమనే ఈ ప్రక్రియ క్యాన్సర్ పెరుగుదలలోనూ ముఖ్యమైనదని తరువాత తెలిసింది.

ఫోలేట్‌కు మరొక పని ఉన్నది. మిథైల్ అనే చిన్న రసాయన సమూహాన్ని ఇది అందిస్తుంది. ఆ సమూహం మెథియొనిన్ మీదుగా చివరకు డి.ఎన్.ఏ.పై చేరి, ఏ జన్యువు పలకాలి, ఏది మూగబోవాలి అన్నదానికి గుర్తుగా నిలుస్తుంది. జన్యువుల అక్షరాలు మారకుండానే వాటి పనితీరు మారడాన్ని అధ్యయనం చేసే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. మానవ క్యాన్సర్లలో ఈ మిథైల్ గుర్తులు తగ్గిపోతున్నాయని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ చూపారు. అదే సమయంలో క్యాన్సర్‌ను అడ్డుకునే కొన్ని జన్యువుల వద్ద అవి పెరిగి వాటి నోరు నొక్కుతాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఫోలేట్ లోపిస్తే డి.ఎన్.ఏ.లో థైమిన్ బదులు యురాసిల్ చేరి పోగులు తెగుతాయి. అలాగని అప్పటికే ఉన్న కణితికి ఫోలేట్ అందించడం క్షేమమని చెప్పలేము. ఫార్బర్ తొలి ప్రయోగంలో ఎదురైన చిక్కు ఇదే.

ఉత్తరాంధ్ర తీరంలో

సుబ్బారావు బృందం మందులకు శ్రీకాకుళం తీరంతో దగ్గర సంబంధం ఉన్నది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ 1947లో లెడర్లీ నుండి వచ్చిందే. 2004 నుండి దేశంలో చేపట్టిన సామూహిక ఔషధ పంపిణీలో ఈ మాత్రలను శ్రీకాకుళం జిల్లా గ్రామాలలోనూ పంచారు.

చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు ఈ తీరప్రాంత స్త్రీలలో ఎక్కువగా ఉండేది. దీనివల్ల అంగిటిలో క్యాన్సర్ వస్తుంది. 1960వ దశకం ద్వితీయార్ధంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధకులు నోటి క్యాన్సర్‌పై సర్వే జరిపిన జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ముదిరిన తల, మెడ, నోటి క్యాన్సర్లకు వారానికొకసారి తీసుకునే మెథోట్రెక్సేట్ మాత్రలను, సెలికాక్సిబ్‌తో కలిపి, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పరీక్షించింది. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, నరంలోకి ఎక్కించే ఖరీదైన సిస్‌ప్లాటిన్ కంటే ఈ మాత్రలు తీసుకున్నవారు కొద్దిగా ఎక్కువకాలం జీవించారు. పట్టణాసుపత్రికి పదేపదే వెళ్ళలేని టెక్కలి, పలాస పరిసర గ్రామాల వంటి చోట్ల మాత్రలకు ఉండే విలువ ఊహించదగినదే. కానీ మెథోట్రెక్సేట్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తారంగా ఉన్న ఉద్దానంలో, మూత్రపిండాల పనితీరు పరీక్షించకుండా ఈ మందు ఇస్తే అది విషంగా మారే ప్రమాదమున్నది.

మరణము, గుర్తింపు

సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాలేదు. ఆయన అమెరికా వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే చనిపోయాడు. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు కలిగినా ఆయన దానిని తీసుకోలేదు. ఫార్బర్ నివేదిక వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగష్టులో, 53 ఏళ్ళ వయసులో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. ఆయన విభాగంలో బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ సూక్ష్మజీవనాశిని కూడా ఆ సంవత్సరమే వెలుగులోకి వచ్చింది.

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. భారత తపాలా శాఖ 1995లో శతజయంతి సందర్భంగా స్టాంపు విడుదల చేసింది. సిద్ధార్థ ముఖర్జీ 2010లో వెలువరించిన క్యాన్సర్ చరిత్ర గ్రంథం ద్వారా ఆయన పేరు ఆంగ్ల పాఠకులకు విస్తృతంగా తెలిసింది.