బీదల యిండ్లు కట్టించిన నిజాము

గోదావరి యొడ్డున నివసించు మనకు వరద యన నెట్టిదో వేరుగ జెప్ప నక్కరలేదు. 1986వ సంవత్సరమున భద్రాచలమువద్ద నీరు 75 అడుగులు దాటెను. వరద వచ్చినపుడెల్ల మొదట మునుగునవి పల్లపునేలనున్న బీదల గుడిసెలే. అట్టి దుఃఖమును యౌవనమున గాంచిన యొక ప్రభువు చరిత్రమును మన విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఆకాలమున భద్రాచలము మదరాసు ప్రభుత్వము క్రిందను, నది కావలనున్న బూర్గంపహాడు నిజాము రాజ్యములోను ఉండెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అప్పటికి యువరాజునకు ఇరువది రెండేండ్లు. 1911లో తండ్రి గతింపగా ఆయన సింహాసనమెక్కెను. నగరమును మహామారి బాధించుచున్న దినములవి.

వరదకు అడ్డుకట్టయే చాలదనియు, ఇరుకు సందుల మురికియిండ్లు రోగములకు పుట్టినిండ్లనియు పాలకులు గ్రహించిరి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డను సంస్థ యేర్పడెను. అది మురికివాడలను తొలగించి, వీధులు వెడల్పుచేసి, మురుగుకాల్వలు త్రవ్వించి, మలక్‌పేట, మొగల్‌పుర మున్నగు చోట్ల కొద్ది రాబడిగలవారికి గాలి వెలుతురులుగల యిండ్లు కట్టించి అద్దెకిచ్చెను. పిమ్మట ఆయన కుమారుడు మొఅజ్జమ్ జా దాని కధ్యక్షుడయ్యెను. నది యుధృతి నాపుటకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను.

ఆ పాలనలో దోషములును గలవు. పల్లెలలో జాగీర్దారుల వెట్టిచాకిరి క్రింద రైతుకూలీలు నలిగిపోయిరి. రాజధానిలో జరిగిన మేలు వారి గుడిసెలకు చేరలేదు. 1948లో రాజ్యము భారతదేశమున కలిసెను. 1967 ఫిబ్రవరి 24న ఆయన మరణించెను. బోర్డుపని మాత్రము ఆగలేదు. 1960లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు దానికి వారసురాలయ్యెను.

ఈ చరిత్రమునుండి మేము నేర్చినది యొకటి. బీదవానికి గోడలు, పైకప్పు మాత్రమే యిల్లు కాదు. మెరకనేల, మురుగుకాల్వ, మంచినీరు, అతడు చెల్లింపగల అద్దె, ఈ నాలుగును గూడినదే యిల్లు. పాత గుడిసె తొలగింపకమునుపే క్రొత్తయిల్లు సిద్ధముగా నుండుటయు న్యాయము. బాలబాలికలారా, రేపు మీలో ఇంజనీర్లును అధికారులును అగువారు గోడ యెత్తుటకు ముందు వరద గుర్తును చూడుడు.