శంకర్ గీసిన గీత

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ అంటే పత్రికా కార్యాలయాల వీధి. ఆ వరుసలోనే నెహ్రూ హౌస్ ఉంది. అందులోని బొమ్మల మ్యూజియానికి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే పెద్దలలో ఎందరికి దాని స్థాపకుని పూర్వకథ తెలుసునో చెప్పలేను. వైస్రాయిలనూ ప్రధానమంత్రులనూ నాలుగు గీతలలో నిలబెట్టి దేశాన్ని నవ్వించిన మనిషి ఆయన. హాస్యం ఎలా రాయాలి, ఎక్కడ ఆపాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆయన జీవితమే గుర్తుకు వస్తుంది.

కేశవ శంకర పిళ్లై 1902లో తిరువాన్కూరు సంస్థానంలోని కాయంకుళంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదవడానికి బొంబాయి వెళ్లి, మధ్యలోనే విరమించి ఉద్యోగంలో చేరారు. తీరిక వేళల్లో గీసిన వ్యంగ్యచిత్రాలు పత్రికలలో పడసాగాయి. 1932లో సంపాదకుడు పోతన్ జోసెఫ్ ఆయనను హిందుస్థాన్ టైమ్స్‌కు తీసుకువచ్చారు. ఆ విధంగా ఢిల్లీ ఆయన కార్యక్షేత్రమైంది. పరాయి పాలకులను చూసి నవ్వడం ఆ రోజుల్లో దేశభక్తిలో భాగమే. మనవాళ్లే పాలకులైన తరువాత ఏమి చేయాలన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షకు ఆయన 1948లో సిద్ధపడ్డారు. శంకర్స్ వీక్లీ అనే సొంత వారపత్రికను ప్రారంభించారు. ప్రారంభోత్సవం చేసిన నెహ్రూ తననూ విడిచిపెట్టవద్దని శంకర్‌ను కోరిన సంగతి రాజధానిలో తరతరాలుగా చెప్పుకుంటారు. శంకర్ ఆ మాటను అక్షరాలా పాటించారు. 1964 మే నెలలో, నెహ్రూ మరణానికి పది రోజుల ముందు వచ్చిన చిత్రంలో ప్రధాని చిక్కి శల్యమై, కాగడా చేతబట్టి పరుగు చివరి అంచెలో ఉన్నారు. నందా, శాస్త్రి, మొరార్జీ, కృష్ణమీనన్, ఇందిర వెనుక పరుగెత్తుతున్నారు. నెహ్రూ తరువాత ఎవరన్న ప్రశ్నను అంతకంటె సూటిగా అడిగిన సంపాదకీయాన్ని నేను చదవలేదు. ఆ చిత్రంలో ఎగతాళి కంటె దిగులే ఎక్కువ. మనిషిని ప్రేమిస్తూనే అతని పదవిని నిలదీయడం శంకర్ విద్య. ఓ.వి. విజయన్, కుట్టి వంటి వ్యంగ్యచిత్రకారులు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే.

అయితే ఒక పాలకుని సహృదయత మీద ఆధారపడిన స్వేచ్ఛ ఆ పాలకునితోనే పోగలదు. 1975 జూన్‌లో అత్యయిక పరిస్థితి వచ్చింది. ఆగస్టు 31న శంకర్స్ వీక్లీ మూతపడింది. జనం తనను చూసి నవ్వుతారేమోనన్న భయం ఉన్న చోట నవ్వుకు చోటుండదన్న భావంతో ఆయన వీడ్కోలు పలికారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది! దానిని మించిన వ్యంగ్యచిత్రం ఆయన కూడా గీయలేరు.

ఇంతవరకు కథ సుఖంగానే ఉంది. శంకర్ పక్షాన నిలబడడం సులభం. ఆయన 1989లో మరణించిన ఇరవై మూడేళ్లకు వచ్చిన వివాదం అంత సులభం కాదు. 1949 ఆగస్టులో గీసిన చిత్రమది. రాజ్యాంగం నత్తగా పాకుతోంది. దాని మీద అంబేడ్కర్ కొరడాతో కూర్చున్నారు. వెనుక నెహ్రూ మరో కొరడా ఎత్తారు. చుట్టూ జనం వినోదం చూస్తున్నారు. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్నది నాటి ఫిర్యాదు. పదకొండవ తరగతి పాఠ్యపుస్తకంలో ఈ చిత్రాన్ని చూసి 2012 మే నెలలో పార్లమెంటు అట్టుడికింది. మంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పారు. పుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ రాజీనామా చేశారు. పుణెలో పల్శీకర్ కార్యాలయంపై దాడి జరిగింది.

నెహ్రూ కొరడా నత్త మీదనా, అంబేడ్కర్ మీదనా? శంకర్ దృష్టిలో నత్త మీదనే అని నేను నమ్ముతాను. కాని తరతరాలుగా దెబ్బలు తిన్నవారికి కొరడా అలంకారంగా కనిపించదు. వారిని హాస్యం తెలియనివారని ఈసడించడం అన్యాయం. అలాగని పల్శీకర్ కార్యాలయంపై దాడిని సమర్థించడమూ అన్యాయమే. చిత్రాన్ని తొలగించడం కంటె, తరగతి గదిలో దానిని ముందు పెట్టుకుని ఈ ప్రశ్ననే చర్చించడం మేలని నా అభిప్రాయం.

హాస్యానికి ముగ్గురు కావాలి: నవ్వించేవాడు, ఎవరిని చూసి నవ్వుతున్నామో ఆ మనిషి, నవ్వేవాడు. నెహ్రూ వంటి రెండవ మనిషి దొరకడం శంకర్ అదృష్టం. అరవై మూడేళ్ల తరువాత ఆ చిత్రం చూసిన మూడవ మనిషి వేరు. వ్యంగ్యం రాయదలచినవారు కలం పట్టేముందు కొరడా ఎవరి చేతిలో ఉందో, ఎవరి వీపు మీద పడుతుందో చూసుకోవాలి. ప్రధాని మీద పడితే అది ప్రజాస్వామ్యం. ఎన్నడూ కొరడా పట్టనివారి మీద పడినప్పుడు నవ్వేది ఎవరో శంకర్ వంటి నిజాయితీపరుడు కూడా మరొకసారి తలెత్తి చూడవలసిందే.