పాల్ డి వివీ (వెలోసియో)

పాల్ డి వివీ (ఏప్రిల్ 29, 1853 - ఫిబ్రవరి 27, 1930) ఫ్రాన్సు దేశానికి చెందిన సైకిల్ నిర్మాత, పత్రికా సంపాదకుడు, సైకిలు యాత్రికుడు. వెలోసియో అనే కలంపేరుతో ప్రసిద్ధుడు. సైకిలుకు ఒకే గేరు చాలునా, లేక దారిని బట్టి మార్చుకొనే పలు గేర్లు కావాలా అన్న వివాదంలో నలభై ఏళ్ళపాటు రెండవ పక్షాన నిలబడి వాదించినవాడు. నేడు కొండ దారుల్లో సామాను కట్టుకొని రోజుల తరబడి సైకిలుపై తిరిగేవారు (దీనిని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు) బయలుదేరే ముందు వేసుకొనే మొదటి ప్రశ్న కూడా ఇదే. ఫ్రెంచి సైకిలు యాత్రికులు ఈయనను తమ ఉద్యమానికి పితామహునిగా భావిస్తారు.

తొలి జీవితం

ఈయన దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ప్రాంతానికి చెందిన పెర్న్ అనే ఊరిలో జన్మించాడు. లాటిను, గ్రీకు సాహిత్యాలపై చిన్ననాట కలిగిన మక్కువ చివరివరకు నిలిచింది. యౌవనంలో పట్టు వ్యాపారంలో ప్రవేశించి సెయింట్ ఎటియెన్ నగరంలో స్థిరపడ్డాడు. ఆ కాలంలో సెయింట్ ఎటియెన్ బొగ్గు గనులకు, ఆయుధ కర్మాగారాలకు, పట్టు రిబ్బన్ల నేతకు పేరుపొందిన పారిశ్రామిక పట్టణం. తుపాకీ గొట్టాలు చేసే పనివారికి సైకిలు చట్రాలు చేయడం కష్టం కాదు కనుక, తరువాత ఫ్రాన్సులో సైకిళ్ళ తయారీకి కూడా ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది. పట్టణం చుట్టూ కొండలు. ఏ దిక్కుకు బయలుదేరినా కొంత దూరంలోనే చడావు మొదలవుతుంది. డి వివీ జీవితాన్ని మలుపు తిప్పినవి ఈ కొండలే అనడం అతిశయోక్తి కాదు.

1881లో, 28 ఏళ్ళ వయసులో, ఈయన తన మొదటి సైకిలు కొన్నాడు. అది ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనుక చక్రం చిన్నదిగా ఉండే పాత రకం. దానికి చైను లేదు, పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేవి. మరుసటి సంవత్సరం మిత్రులతో కలిసి ఆ ఊరిలో ఒక సైకిలు సంఘాన్ని స్థాపించాడు. ఆ రోజుల్లో సైకిలు పరిశ్రమకు ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణం పుట్టినిల్లు వంటిది. అక్కడికి వెళ్ళివస్తూ కొత్త నమూనాలను పరిశీలించేవాడు. క్రమంగా పట్టు వ్యాపారంపై ఆసక్తి తగ్గింది. 1887లో ఆ వ్యాపారాన్ని అమ్మివేసి సైకిళ్ళ దుకాణం తెరిచాడు. అదే ఏడాది ఒక పత్రికను ప్రారంభించాడు. మొదట స్థానిక పేరుతో వెలువడిన ఆ పత్రిక 1888 నుండి లె సిక్లిస్త్ (సైక్లిస్టు) అయింది. లాభసాటి వృత్తిని వదిలి ఇంకా నిలదొక్కుకోని వస్తువుపై బతుకు పెట్టడం సాహసమే. దుకాణంతో ఆయన ధనవంతుడు కాలేదు. పత్రిక మాత్రం ఆయన మరణానంతరం కూడా కొన్ని దశాబ్దాలు నడిచింది.

ఒక గేరు నుండి రెండు గేర్లకు

1889లో ఈయన తన సొంత సైకిలును తయారుచేసి దానికి గొలువాజ్ అని పేరు పెట్టాడు. రెండు చక్రాలు సమానంగా ఉండి, చైనుతో నడిచే ఈ సైకిలుకు ఒకటే గేరు. సెయింట్ ఎటియెన్‌కు దక్షిణాన 1,161 మీటర్ల ఎత్తున రిపబ్లిక్ కనుమ ఉంది. స్థానికులు దానిని గ్రాండ్ బోవా (పెద్ద అడవి) కనుమ అని కూడా పిలుస్తారు. ఒకనాడు డి వివీ ఈ కనుమ ఎక్కుతూ ఆయాసపడుతుండగా, ఆయన పత్రిక పాఠకుడొకడు పైపు పీల్చుకుంటూ తాపీగా ఆయనను దాటి వెళ్ళిపోయాడని చెబుతారు. ఆ పాఠకుని సైకిలుకు చిన్న గేరు ఉండటమే అందుకు కారణం.

ఈ సంఘటన కొంత కథగా పెరిగి ఉండవచ్చు గాని, దానిలోని సమస్య నిజమైనది. చిన్న గేరు పెట్టుకుంటే కొండ సులువుగా ఎక్కవచ్చు, కాని చదునుదారిలో కాళ్ళు ఎంత తిప్పినా బండి ముందుకు సాగదు. పెద్ద గేరు పెట్టుకుంటే చదునులో హాయి, కొండ దగ్గర దిగి తోసుకోవడం తప్పదు.

మన ఊళ్ళలో తరతరాలుగా వాడుకలో ఉన్న నల్ల సైకిలుతో ఈ లెక్కను తేలికగా గ్రహించవచ్చు. దాని ముందు పళ్ళచక్రానికి సాధారణంగా 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. కొండ దారుల కోసం చేసిన గేర్ల సైకిలులో ముందు 22, వెనుక 34 పళ్ళపై చైను వేస్తే, అదే ఒక చుట్టుకు బండి కదిలేది 1.3 మీటర్లు మాత్రమే. నాలుగు రెట్లు ఎక్కువసార్లు తొక్కాలి, కాని ప్రతిసారీ కాలిపై పడే భారం నాలుగో వంతే. గేరు బలాన్ని పుట్టించదు. ఉన్న బలాన్ని చిన్న చిన్న వాయిదాలుగా ఖర్చు చేయనిస్తుంది.

డి వివీ మొదటి పరిష్కారం చాలా మోటుది. ముందువైపు రెండు పళ్ళచక్రాలు పెట్టి, కొండ వచ్చినప్పుడు దిగి చేతితో చైనును చిన్నదానిపైకి మార్చేవాడు. తరువాత ఎడమ ప్రక్కన కూడా పళ్ళచక్రాలను అమర్చి నాలుగు గేర్లు సాధించాడు. దిగకుండా గేరు మార్చే యంత్రాల కోసం ఇంగ్లండులోని నమూనాలను తెప్పించి, వాటిపై తన మార్పులు చేశాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో చైనును ఒక పళ్ళచక్రం నుండి ప్రక్క చక్రానికి తప్పించే డిరైలర్ పద్ధతి ఆయన ప్రోత్సాహంతో సెయింట్ ఎటియెన్‌లో రూపుదిద్దుకుంది. ఆయన స్నేహితుడు ఝొవానీ పానెల్ తయారుచేసిన లె షెమినో అనే డిరైలర్ వీటిలో పేరుపొందింది. అదే ఊరిలోని మాన్యుఫ్రాన్స్ సంస్థ మరొక విచిత్రమైన సైకిలును అమ్మింది. దాని పెడళ్ళను ముందుకు తొక్కితే పెద్ద గేరు, వెనుకకు తొక్కితే చిన్న గేరు, రెండు విధాలా బండి ముందుకే పోయేది. డిరైలర్‌ను డి వివీ ఒక్కడే కనిపెట్టాడని కొన్ని చోట్ల కనిపించే మాట సరికాదు. పలువురు పనివారు ఒకే కాలంలో చేసిన ప్రయత్నాలను స్వయంగా తొక్కి పరీక్షించి, గుణదోషాలను నిర్మొహమాటంగా పత్రికలో ప్రకటించడం ఆయన అసలు కృషి.

వివాదం

గేర్ల సైకిలును అందరూ ఆహ్వానించలేదు. లోటో పత్రిక సంపాదకుడు, 1903లో టూర్ డి ఫ్రాన్స్ పందెాన్ని ప్రారంభించిన హెన్రీ దెగ్రాంజ్ వ్యతిరేకులలో ముఖ్యుడు. గేర్లు వయసు మళ్ళినవారికే తగినవని, పందెంలో గెలవవలసింది కండబలమే గాని యంత్రం కాదని ఆయన అభిప్రాయం. తొలి టూర్ డి ఫ్రాన్స్ దారి డి వివీ ఆయాసపడిన రిపబ్లిక్ కనుమ మీదుగానే పోవడం గమనార్హం. అక్కడ పోటీదారులు ఒకే గేరుతో ఎక్కవలసి వచ్చింది. తరువాతి కాలంలో పందెగాళ్ళు వెనుక చక్రానికి రెండు వైపులా రెండు వేర్వేరు పళ్ళచక్రాలు పెట్టుకొని, కొండ మొదట్లో దిగి చక్రాన్ని విప్పి తిప్పి బిగించుకొనేవారు.

ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బు మాత్రం గేర్ల పట్ల ఆసక్తి చూపి 1902లో పిరనీస్ పర్వతాలలోని టూర్మలే కనుమపై సైకిళ్ళకు పరీక్ష పెట్టింది. అందులో మార్త్ ఎస్ అనే మహిళ పలు గేర్లు గల గొలువాజ్ సైకిలుపై పాల్గొని దారిని పూర్తిచేసింది. టూర్మలే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. ఇంగ్లండులో ఇదే కాలంలో స్టర్మీ ఆర్చర్ సంస్థ హబ్బులోపల దాగి ఉండే మూడు గేర్ల యంత్రాన్ని తెచ్చింది. టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులకు డిరైలర్ వాడే అనుమతి లభించింది 1937లో. ఆ ఏడాది రోజే లాపెబీ డిరైలర్ గల సైకిలుతోనే విజేత అయ్యాడు. అప్పటికి డి వివీ మరణించి ఏడేళ్ళు గడిచాయి.

ఒకే గేరు పక్షం వాదనలో బలం లేదనుకోవడం పొరపాటు. తొలినాటి డిరైలర్లు మట్టికి, వానకు తట్టుకొనేవి కావు. చైను తరచు జారేది, పళ్ళు త్వరగా అరిగేవి. ఈ లోపాలు డి వివీకి తెలియనివి కావు, వాటిని ఆయన దాచలేదు కూడా. యంత్రం చెడితే దారిలో సరిచేసుకొనే నేర్పు యాత్రికునికి ఉండాలన్నది ఆయన సమాధానం.

యాత్రలు, జీవన విధానం

డి వివీ పందెగాడు కాదు. సామాను కట్టుకొని రాత్రింబవళ్ళు తొక్కుతూ ఆల్ప్స్ కనుమలను, ప్రోవెన్స్ మైదానాలను చుట్టివచ్చేవాడు. ఈస్టరు పండుగకు ప్రోవెన్స్‌లో మిత్రులతో కలుసుకోవడం ఆయన ఏటేటా పాటించిన ఆనవాయితీ. యాభై ఏళ్ళు దాటాక కూడా ఈ యాత్రలు తగ్గలేదు. శాకాహారిగా మారి, మాంసం, మద్యం, పొగాకు యాత్రికునికి పనికిరావని బోధించాడు. ఎస్పరాంటో భాషను సమర్థించాడు. ఆకలి వేయకముందే తినడం, దాహం కాకముందే త్రాగడం, విరామాలను తక్కువగా, క్లుప్తంగా ఉంచుకోవడం, ఆడంబరానికి తొక్కకపోవడం మొదలైన ఏడు నియమాలను ఆయన కూర్చాడు. గేర్ల గురించి ఆయన చేసిన వాదన కూడా ఈ నియమాల నుండే వస్తుంది. కాళ్ళను మొదటి కొండ దగ్గరే అలసిపోనిచ్చినవాడు సాయంత్రపు కొండను చేరలేడు. లావు టైర్లు, తక్కువ గాలి గతుకుల దారిలో మేలని కూడా ఆయన నమ్మాడు. చాలాకాలం నిరాదరణకు గురైన ఈ అభిప్రాయం ఇరవై ఒకటో శతాబ్దంలో తిరిగి మన్నన పొందింది.

దక్షిణ తెలంగాణ దారుల్లో ఇదే ప్రశ్న

భారతదేశంలో అట్లాస్, హీరో, హెర్క్యులస్ వంటి పేర్లతో కోట్లాదిగా అమ్ముడైనవి ప్రధానంగా ఒకే గేరు సైకిళ్ళు. నల్గొండ, పాత మహబూబ్ నగర్ జిల్లాలలో పాలవారు, పోస్టుమన్లు, చేనేత కార్మికులు, బడిపిల్లలు తొక్కినవి అవే. సున్నితమైన ఎత్తుపల్లాలు గల రాతినేలలో ఈ సైకిలుకు 44, 18 పళ్ళ గేరు చాలావరకు సరిపోతుంది. క్యారియరుపై వడ్ల బస్తా ఉన్నప్పుడు దిగి తోయడాన్ని ఎవరూ అవమానంగా భావించరు.

దారి మారితే లెక్క మారుతుంది. హైదరాబాదు నుండి డిండి మీదుగా శ్రీశైలం పోయే దారి మన్ననూరు దగ్గర నల్లమల అడవిలో ప్రవేశించి అమ్రాబాద్ పీఠభూమిపైకి ఎక్కుతుంది. 2016లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. వటవర్లపల్లి, దోమలపెంట దాటాక దారి మలుపులు తిరుగుతూ కృష్ణానదివైపు దిగి, నది దాటిన వెంటనే మళ్ళీ శ్రీశైలం కొండ ఎక్కుతుంది. పదిహేను కిలోల సామానుతో ఈ చడావును ఒకే గేరుపై ఎక్కడం చాలామందికి సాధ్యం కాదు. రిపబ్లిక్ కనుమపై డి వివీకి ఎదురైన స్థితి ఇదే. (రాత్రిపూట తొక్కడం ఆయనకు ఇష్టమైనా ఇక్కడ కుదిరేది కాదు, పులుల అభయారణ్యం కనుక రాత్రివేళ రాకపోకలపై నియంత్రణ ఉంది.)

మరొకవైపు, చందంపేట గుట్టల్లోనో, రాచకొండ బాటల్లోనో సర్కారు తుమ్మ ముల్లు దిగితే పంక్చరు వేసేవాడు ఏదో ఒక ఊరిలో దొరుకుతాడు, ఒకే గేరు సైకిలుకు చైను లింకు, ఫ్రీవీలు కూడా దొరుకుతాయి. రాయి తగిలి డిరైలర్‌ను పట్టి ఉంచే కొక్కెం వంగితే మాత్రం హైదరాబాదు దాకా పోవలసిందే. తెలిసినవారు ఆ కొక్కేన్ని ఒకటి అదనంగా సంచిలో వేసుకుంటారు, లేదా చైనును కత్తిరించి ఒకే పళ్ళచక్రంపై బిగించి బండిని తాత్కాలికంగా ఒకే గేరు సైకిలుగా మార్చుకుంటారు. దిగి చేతితో చైను మార్చే డి వివీ మొదటి పద్ధతి, రెండు పళ్ళచక్రాలతో, ఇటువంటి దారులకు నేటికీ పనికివచ్చే మధ్యమార్గం. దానిలో విరిగేందుకు ఏమీ లేదు, రోజుకు ఏ నాలుగైదుసార్లో దిగవలసి రావడమే దాని ఖరీదు.

మరణం, స్మృతి

1930లో సెయింట్ ఎటియెన్ వీధిలో సైకిలును నడిపించుకుంటూ వెళ్తున్న డి వివీ, ఎదురుగా వచ్చిన కారును తప్పించుకోవడానికి వెనుకకు జరిగి ట్రాము ఢీకొని మరణించాడు. అప్పటికి ఆయన వయసు 76 సంవత్సరాలు.

1922 నుండే ఆయన గౌరవార్థం వెలోసియో దినోత్సవం జరపడం ప్రారంభమైంది. ఆ రోజున వందలాది సైకిలువారు, ముసలివారు పిల్లలతో సహా, సెయింట్ ఎటియెన్ నుండి రిపబ్లిక్ కనుమ దాకా ఎక్కేవారు. ఆయన బ్రతికి ఉన్నంతకాలం వారితో పాటు తానూ ఎక్కాడు. కనుమ శిఖరాన ఆయన స్మారక చిహ్నం ఉంది. సెయింట్ ఎటియెన్‌లోని కళా, పరిశ్రమల ప్రదర్శనశాలలో ఆ ఊరి సైకిళ్ళ చరిత్రతో పాటు తొలినాటి గేర్ల యంత్రాలను కూడా చూడవచ్చు.