17 గంటల దారి, 19 రోజుల ప్రయాణం

ఫోన్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి చూడండి. దూరం, టైమ్ క్షణంలో వచ్చేస్తాయి. లండన్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి దాదాపు 14,500 కిలోమీటర్లు, నాన్‌స్టాప్‌గా సుమారు 17 గంటలు. 1930లో ఇదే ఆస్ట్రేలియాకి 26 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా విమానం నడుపుకుంటూ వెళ్లింది. ఆమే ఎమీ జాన్సన్.

ఎమీ 1903లో ఇంగ్లండ్‌లోని హల్‌లో పుట్టింది. నాన్నది చేపల వ్యాపారం. షెఫీల్డ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ డిగ్రీ చేసి, లండన్‌లో ఓ లాయర్ ఆఫీసులో సెక్రటరీగా చేరింది. చదువుకీ, ఆకాశానికీ ఏ సంబంధమూ లేదు కదా! అయినా ఫ్లయింగ్ క్లబ్‌లో చేరింది. 1929లో పైలట్ లైసెన్స్ తెచ్చుకుంది. అక్కడితో ఆగలేదు. హ్యాంగర్‌లో గ్రీజు చేతులతో ఇంజిన్ పని నేర్చుకుని, గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ పొందిన తొలి బ్రిటన్ మహిళ అయింది.

1930 మే 5న సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ విమానంలో లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి బయల్దేరింది. అంతకుముందు ఆమె వెళ్లిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి హల్ వరకే. బెర్ట్ హింక్లర్ 15 రోజుల పైచిలుకులో చేరిన రికార్డును బద్దలుకొట్టాలన్నది లక్ష్యం.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. ఆమె దారి సుమారు 17,700 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 140 కిలోమీటర్లు అనుకుందాం. భాగిస్తే 130 గంటల లోపే, అంటే ఐదున్నర రోజులు. కానీ మధ్యలో పెట్రోల్ పోయించుకోవాలి, నిద్రపోవాలి, ఇంజిన్ చూసుకోవాలి. ఎడారిలో ఇసుక తుపాను కిందికి దింపేసింది. అయినా ఆరు రోజుల్లో కరాచీ చేరింది. హింక్లర్ కంటే రెండు రోజులు ముందు!

ఝాన్సీ, అలహాబాద్, కలకత్తా దాటి బర్మా చేరేసరికి వాన. రంగూన్ దగ్గర ఇన్సెయిన్‌లో ఓ మైదానంలో దిగబోయి గుంటలో పడింది. రెక్క, ప్రొపెల్లర్ దెబ్బతిన్నాయి. అక్కడి టెక్నికల్ స్కూల్ వాళ్ల సాయంతో బాగుచేయించుకుంది. అయితే సంపాదించుకున్న ఆధిక్యం పోయింది. రికార్డూ పోయింది.

అయినా వెనక్కి తిరగలేదు. మే 24న డార్విన్‌లో దిగింది. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా వెళ్లిన తొలి మహిళగా చరిత్రకెక్కింది. 1932లో లండన్-కేప్‌టౌన్ రికార్డూ సాధించింది. 1941 జనవరిలో, యుద్ధకాలంలో విమానాలు చేరవేసే డ్యూటీలో ఉండగా థేమ్స్ ముఖద్వారంలో పడి మరణించింది. అప్పటికి వయసు 37. ఆమె దేహం దొరకలేదు.

ఆమె మాత్ విమానం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. కెరీర్ ప్లాన్ వేసేటప్పుడు మనమూ దూరాన్ని వేగంతో భాగించేస్తాం, ఆరు నెలల్లో జాబ్ అని. దారిలో ఇన్సెయిన్ లాంటి గుంట ఒకటి ఎదురుకావచ్చు. నడపడంతోపాటు రిపేరు కూడా నేర్చుకోండి. లేటైనా చేరతారు.