ముద్ర లేని పాట: ఇ. వై. హార్బర్గు చరిత్రము

తెలుగునాట పాట కట్టిన పెద్దలు తమ గుర్తును పాటలోనే నిలిపి పోయిరి. త్యాగరాజస్వామి కృతి చివర ఆయన పేరు వినవచ్చును. క్షేత్రయ్య పదమునందు మువ్వగోపాలుడు కొలువై యుండును. భద్రాద్రి కీర్తనలలో రామదాసు ముద్ర కలదు. పాట బ్రతికినంతకాలము పాట కట్టినవాని పేరును పాడువారి నోటనే బ్రతుకుచుండును. చలనచిత్రపు పాటకు ఆ భాగ్యము లేదు. చిత్రము పేరు జనులకు తెలియును. నటించినవారి పేర్లు, పాడినవారి పేర్లు పిల్లలకు సైతము తెలియును. ఆ మాటలు కూర్చిన కవి యెవరని యడిగినచో పెక్కుమంది తెల్లబోవుదురు. పిల్లల చలనచిత్రములలో జగత్ప్రసిద్ధమైన ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ పాటలు వ్రాసిన ఇ. వై. హార్బర్గు అట్టి కవులలో నొకడు.

ఇతడు 1896వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున, లోయర్ ఈస్ట్ సైడ్ అను పేదల పేటలో జన్మించెను. తల్లిదండ్రులు రష్యానుండి వలస వచ్చిన యూదులు. వారి యింటి భాష యిద్దిష్. ఇతనికి వారు పెట్టిన పేరు ఇసిడోర్ హోక్‌బర్గ్. చిన్ననాటి ‘యిప్’ అను ముద్దుపేరు మాత్రము ముసలితనము వరకు వెన్నంటి వచ్చినది. తల్లిదండ్రులు బట్టలు కుట్టి పొట్ట పోసికొనువారు. కుఱ్ఱవాడు సైతము చేతనైన పనులు చేసి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చెడివాడు. సందె వేళ వీధిదీపములు వెలిగించుట, తెల్లవారుజామున వానిని ఆర్పుట ఆ పనులలో నొకటి.

ఇల్లాలితో ప్రార్థనకు పోవుచున్నామని చెప్పి తండ్రి కుమారుని వెంటబెట్టుకొని యిద్దిష్ నాటకశాలకు పోయెడివాడు. నవ్వును, కన్నీరును ఒక్క పూటలో పుట్టించు విద్య ఆ బాలునికి అచ్చటనే పరిచితమయ్యెను. చదువులో మేటియైన అన్న మాక్స్ యౌవనముననే కాన్సరు వ్యాధిచే మరణించెను. ఆ దుఃఖముతో తమ్మునికి మతమునందలి నమ్మకము సడలిపోయెను. నాటకశాలయందలి నమ్మకము మాత్రము చెక్కు చెదరలేదు.

టౌన్‌సెండ్ హారిస్ ఉన్నత పాఠశాలలో పేర్ల అక్షరక్రమము ననుసరించి కూర్చుండుటచే ఇతని ప్రక్క స్థానము ఐరా గెర్ష్విన్ అను బాలునికి వచ్చెను. ఇతని జీవితమును మలచిన స్నేహము అట్లు ఆరంభమయ్యెను. హార్బర్గునకు ఆంగ్లకవియైన గిల్బర్టు వ్రాసిన హాస్యగేయముల పుస్తకము ప్రాణము. దానిని అతడు పద్యములవలె చదువుకొనుచుండెను. గిల్బర్టు మాటలకు సంగీతము సైతము కలదని గెర్ష్విన్ చెప్పి, అతనిని తన ఇంటికి తీసికొనిపోయి గ్రామఫోనుపై ‘పినఫోర్’ నాటకపు పాటలు వినిపించెను. కాగితముపై చదివిన చమత్కారము రాగమెక్కి వచ్చుట విని ఆ పిల్లవాడు నివ్వెరపోయెను.

అయినను పేదవాని కుమారునికి కవిత్వము కూడు పెట్టునా? సిటీ కళాశాలలో పట్టము పుచ్చుకొని, మొదటి ప్రపంచ యుద్ధకాలమున దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున ఉద్యోగము చేసెను. తిరిగి వచ్చి విద్యుత్ పరికరముల వ్యాపారమున దిగెను. ధనము చేరినది, సంసారము ఏర్పడినది. పద్యములు మాత్రము తీరిక వేళల వ్రాసి పత్రికలకు పంపుచుండెను. 1929లో అమెరికాయందు వాటాల ధరలు కుప్పకూలి లక్షలాది కుటుంబములు వీధిని పడినవి. హార్బర్గు వ్యాపారమును ఆ సుడిలో మునిగిపోయెను. అతని నెత్తిన మిగిలిన ఋణము యాబది వేల డాలర్లకు పైబడినది. బాకీ పత్రములు తప్ప చేత నేమియు లేని ఆ దినములలో పాటల కవిగా అప్పటికే పేరు గడించిన గెర్ష్విన్ మిత్రుని చేయి పట్టుకొని, పాటలు వ్రాయుమని ప్రోత్సహించి, జే గోర్నీ అను సంగీత రచయితకు పరిచయము చేసెను. ముప్పది మూడేండ్ల వయస్సున హార్బర్గు కొత్త విద్యకు ఓనమాలు దిద్దెను. చేసిన అప్పును ఎగవేయక, పాటలపై వచ్చిన రాబడితో ఏండ్ల తరబడి తీర్చుచు వచ్చుట అతని నడవడికి నిదర్శనము.

1932లో గోర్నీ స్వరమునకు ఇతడు వ్రాసిన ‘బ్రదర్, కెన్ యు స్పేర్ ఎ డైమ్’ అను పాట దేశమంతట మారుమ్రోగెను. ఆ స్వరము గోర్నీ రష్యాలో చిన్ననాట విన్న జోలపాటనుండి పుట్టినది. రైలుమార్గము వేసి, మేడలు కట్టి, యుద్ధమున పోరాడినవాడు నేడు రొట్టెకై వరుసలో నిలువవలసి వచ్చెనేమని అందలి పనివాడు ప్రశ్నించును. హార్బర్గు అతనిని దీనునిగా చిత్రింపలేదు. కట్టిన ఇంటిలో తనకు చోటు లేకపోయిన కారణమడుగు పౌరునిగా చిత్రించెను.

ఆ తరువాత ఇతడు హాలీవుడ్ చేరెను. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో ప్రకటించిన బాలల నవల నాధారముగా ఎం.జి.ఎం. సంస్థ ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రమును తలపెట్టి, పాటలకు హార్బర్గును, స్వరములకు హెరాల్డ్ ఆర్లెన్‌ను నియమించెను. కథానాయిక డొరోతి కాన్సాస్ ప్రాంతపు చిన్నది. అది వానకు మొగము వాచిన మెట్టసీమ. ఎటు చూచినను మట్టిరంగే. అట్టి చోట పెరుగు పిల్లకు కంటబడు ఏకైక వర్ణశోభ ఆకాశమున హరివిల్లు కాక మఱేమున్నదని హార్బర్గు తలపోసెను. బామ్ నవలలో ఆ హరివిల్లు లేదు. ‘ఓవర్ ది రెయిన్‌బో’ అను పాటకు బీజమైన ఆ ఊహ కవిదే.

ఒకనాడు ఆర్లెన్‌కు దారిలో స్వరము స్ఫురించెను. దానిని విని హార్బర్గు మొదట పెదవి విరిచెను. అది పెద్ద గాయకుడు పాడదగిన గంభీర రాగమే గాని పల్లెపడుచు నోటికి తగదని అతని సందేహము. ఇరువురును మరల ఐరా గెర్ష్విన్‌నే పిలిపించిరి. హంగులు తగ్గించి, నడక త్వరపరచి వాయించుమని ఆ మిత్రుడు సూచింపగా సందేహము తీరెను. పదునారేండ్ల జూడీ గార్లండ్ ఆ పాటను పాడెను.

చిత్రము ముగిసిన పిమ్మట మఱియొక గండము వచ్చినది. పరీక్షగా ప్రదర్శించిన తరువాత, ఆ పాటవలన కథ నడక మందగించుచున్నదని అధికారులు దానిని కత్తిరించిరి. ఆర్థర్ ఫ్రీడ్ పట్టుబట్టుటచే పాట మరల చేరెను. 1939 ఆగస్టులో చిత్రము విడుదలయ్యెను. 1940 ఫిబ్రవరిలో ఆ పాటకే అకాడమీ బహుమానము లభించెను.

ఆ చిత్రమున హార్బర్గు చేయి పాటలతో ఆగలేదు. తుదకు మాంత్రికుడు బహుమానములిచ్చు ఘట్టపు సంభాషణలును అతనివే. తెలివి లేదని వగచు గడ్డిబొమ్మకు పట్టాకాగితము, హృదయము లేదని వగచు తగరపు మనిషికి హృదయాకారపు గడియారము, ధైర్యము లేదని వగచు సింహమునకు పతకము లభించును. వారు దారి పొడవున తెలివియు, దయయు, ధైర్యమును చూపుచునే వచ్చిరి. లేనిది గుర్తింపు మాత్రమే. ఈ సంగతి పిల్లలకు నవ్వు పుట్టించును, పెద్దలను ఆలోచింపజేయును.

1947లో ఇతడు ఫ్రెడ్ సైడీతో కలసి రచించిన ‘ఫినియన్స్ రెయిన్‌బో’ నాటకము న్యూయార్కున ప్రదర్శితమయ్యెను. సంగీతము బర్టన్ లేన్‌ది. నల్లవారిని ద్వేషించు శ్వేతజాతి శాసనకర్త యొకడు మంత్రశక్తిచే తానే నల్లవాడై, తాను చేసిన చట్టపు రుచి తాను చూచుట అందలి కథ. నల్లవారును తెల్లవారును ఒకే వేదికపై కలసి ఆడిపాడుట ఆ దినములలో అరుదు.

ఇట్టి భావములు గలవానికి రాజ్యమున చెడ్డకాలము వచ్చెను. సామ్యవాదులని అనుమానింపబడిన కళాకారులకు పని ఈయరాదని చలనచిత్ర సంస్థలు నిషేధపు జాబితాలు పాటించుచుండెడివి. హార్బర్గు కమ్యూనిస్టు పక్షమున సభ్యుడు కాడు. అయినను సుమారు పదేండ్లు చలనచిత్రములు, రేడియో, టెలివిజను అతనికి తలుపులు మూసినవి. నాటకరంగమొక్కటే తెరచియుండెను. 1957లో ఆర్లెన్‌తో కలసి ‘జమైకా’ నాటకమును వెలువరించెను. విధివైచిత్ర్యమేమనగా, 1956 నవంబరు 3వ తేదీన ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ మొదటిసారి టెలివిజనులో వచ్చెను. 1959 నుండి దాదాపు ఏటేట పండుగవలె చూపబడెను. కవిని గడప దాటనీయని పెట్టెలోనుండి కవి పాట ఇంటింటి పిల్లలకు వినవచ్చెను. ఎవరి మాట తమ బిడ్డలు పాడుచున్నారో పెక్కు తల్లిదండ్రులు ఎఱుగరు.

నిషేధము సడలిన పిమ్మట 1962లో ఆర్లెన్, హార్బర్గులు ‘గే పర్-ఈ’ అను బొమ్మల చిత్రమునకు పాటలు కూర్చిరి. అది పారిస్ నగరమునకు పోయిన పల్లెపిల్లి కథ. ఆ పిల్లికి గొంతు నిచ్చినది జూడీ గార్లండే. హార్బర్గు చివరి వరకు వ్రాయుట మానలేదు. 1981 మార్చి 5వ తేదీన, ఎనుబది నాలుగవ ఏట, లాస్ ఏంజిలీస్ నగరమున గుండెపోటుతో కన్నుమూసెను. 2001లో అమెరికాయందు గత శతాబ్దపు మేటి పాటల నెంచినప్పుడు హరివిల్లు పాటకు ప్రథమస్థానము దక్కెను. 2005లో తపాలా శాఖ హార్బర్గు పేర స్టాంపును విడుదల చేసెను. ఒకనాడు రేడియోకు పనికిరాని పేరు అట్లు ఊరూర ఉత్తరములపై తిరిగెను.

ఈతని పాటయందలి ఆశ కలిమిలో పుట్టినది కాదు. పేదరికమును, అన్న మరణమును, ఋణభారమును ఎఱిగినవాడు పిల్లలకు హరివిల్లు చూపెను. కష్టము లేదని అతడు చెప్పలేదు. మట్టిరంగు నేలపై నిలిచియే పైకి చూడవచ్చునని చెప్పెను. అందుచేతనే ఆ పాట కరవు కాలమునను, యుద్ధకాలమునను మనుజులకు తోడు వచ్చినది.

గ్రంథాలయపు పట్టికలో ప్రతి పుస్తకమున కెదుట కర్త పేరు వ్రాయు గడి యొకటి యుండును. ఆ గడిని ఖాళీగా విడువకుండుటయే గ్రంథాలయము చేసిన మేలులలో నొకటి. పాటలకట్టి పట్టిక లేదు. కావున పిల్లలకు పాట నేర్పు పెద్దలు, కట్టినవాని పేరును సైతము ఒక్కమాట చెప్పిన చాలును. ముద్ర లేని పాటకు అదియే ముద్ర యగును.