పీహెచ్‌డీ లేని ప్రొఫెసర్ - లార్స్ ఆన్సాగర్

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో స్టాటిస్టికల్ మెకానిక్స్ పేపరంటే మాకందరికీ భయమే. అందులో ఐసింగ్ మోడల్ దగ్గర లార్స్ ఆన్సాగర్ పేరు తగులుతుంది. ఆయన లెక్క మాకు సగమే అర్థమైంది గాని, జీవితం చదివాక మనిషి మీద అభిమానం కలిగింది.

ఆన్సాగర్ 1903 నవంబరు 27న నార్వేలోని నేటి ఓస్లోలో జన్మించారు. మనలా పేద ఇంటి బిడ్డ కాదు, తండ్రి న్యాయవాది. 1925లో ట్రాండ్‌హైమ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, జ్యూరిక్ వెళ్ళి, పేరుమోసిన శాస్త్రవేత్త డిబైని కలిసి ఆయన సిద్ధాంతంలో తప్పుందని ముఖం మీదే చెప్పారు. డిబై కోప్పడలేదు సరికదా, సహాయకుడిగా ఉద్యోగమిచ్చారు. అలాంటి గురువు దొరకడం అదృష్టమే మరి!

1928లో అమెరికా వెళ్ళి జాన్స్ హాప్కిన్స్‌లో మొదటి సంవత్సరం పిల్లలకు కెమిస్ట్రీ చెప్పారు. పాఠం ఎవరికీ అర్థం కాక కొద్ది నెలలకే ఉద్యోగం పోయింది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1931లో ఒక గొప్ప సూత్రం కనుగొన్నారు. వేడిలో తేడా విద్యుత్తును నడిపించే తీరుకూ, విద్యుత్తులో తేడా వేడిని నడిపించే తీరుకూ మధ్య సమానత ఉందని నిరూపించారు. దానిని డాక్టరేటు కోసం తాను చదివిన ట్రాండ్‌హైమ్‌కే పంపితే అసంపూర్ణమని నిరాకరించారు. 1933లో ఆర్థిక మాంద్యం వల్ల బ్రౌన్‌లోనూ ఉద్యోగం పోయింది. యేల్ విశ్వవిద్యాలయం ఫెలోషిప్ ఇచ్చాక గాని ఆయనకు పీహెచ్‌డీ లేదని బయటపడలేదు. అప్పుడు గణిత విషయంపై వేరే థీసిస్ రాసి 1935లో పట్టా పుచ్చుకున్నారు.

ఇక మా పేపరులోని లెక్క. గళ్ళ కాగితం మీద ప్రతి మూలలో ఒక చిన్న అయస్కాంతం పైకో కిందికో చూస్తుందనుకోండి. పక్కపక్కవి ఒకే దిక్కు చూడడానికి ఇష్టపడతాయి, వేడి వాటిని చెదరగొడుతుంది. ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దాటగానే మొత్తం వరుస చెడుతుంది. అదే ఫేజ్ ట్రాన్సిషన్. 1944లో ఆన్సాగర్ దీనిని ఉజ్జాయింపులు లేకుండా సాధించారు. 1949లో ఫ్లారెన్స్ సదస్సు చర్చలో లేచి, అతిశీతల ద్రవ హీలియంలో సుడులు ఇష్టమొచ్చిన బలంతో తిరగలేవని, ఒక కనీస విలువకు పూర్ణాంక రెట్లలోనే తిరుగుతాయని చెప్పేశారు. దానికి ముందు పెద్ద వ్యాసమేమీ రాయలేదు!

1971లో వెగ్నర్ ఆ అయస్కాంతాలను మూలల నుంచి గళ్ళ గీతల మీదికి మార్చారు. 1974లో విల్సన్ ఆ దారిలోనే, క్వార్కులు విడిగా ఎందుకు బయటికి రావో చూపారు. ఈ లాటిస్ గేజ్ సిద్ధాంతంలో కూడా సుడులు గళ్ళంతా అల్లుకుంటే ఒక దశ, అణగిపోతే మరో దశ.

1960లో ట్రాండ్‌హైమ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1968లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది, అదీ 1931 నాటి ఆ సూత్రానికే. 1976 అక్టోబరు 5న ఫ్లోరిడాలో ఆన్సాగర్ కన్నుమూశారు.