గోలకొండ సంపాదకుడు

పత్రిక చేతికి అందినప్పుడు పాఠకునికి కనిపించేది వార్త మాత్రమే. ఆ వార్తను సేకరించిన వారి శ్రమ, దేనిని ప్రచురించాలి, దేనిని విడిచిపెట్టాలి అని సంపాదకుడు పడిన మథనం, పాలకుల ఆంక్షలు అచ్చు అక్షరాల వెనుకనే ఉండిపోతాయి. నిజాం పాలనలోని తెలంగాణలో ఈ భారాన్నంతటినీ ఏళ్ల తరబడి మోసిన పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల మొదలుకొని నల్లమల అడవి అంచున ఉన్న మన్ననూరు వరకు విస్తరించి ఉండేది. ఆ జిల్లాలోని బోరవెల్లి గ్రామంలో 1896 మే 28న ప్రతాపరెడ్డి జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఈ రెండు గ్రామాలూ నేడు జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. రంగమ్మ, నారాయణరెడ్డి ఆయన తల్లిదండ్రులు. కర్నూలు, హైదరాబాదు, మద్రాసు నగరాలలో విద్యాభ్యాసం సాగింది. న్యాయశాస్త్రంలో పట్టా పొంది కొంతకాలం న్యాయవాద వృత్తి చేశారు. తెలుగుతో పాటు సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్ల భాషలలో ఆయన పండితులు.

నాటి హైదరాబాదు రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు అయినప్పటికీ, ఆ భాషకు విద్యాలయాలలో గాని, కార్యాలయాలలో గాని ఆదరణ ఉండేది కాదు. 1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి నుండి తెలుగు పత్రిక వెలువడ్డాయి. అయినా రాజధాని నగరం నుండి నిలకడగా వెలువడే తెలుగు పత్రిక లేని లోటు తీరలేదు. 1924లో ప్రతాపరెడ్డి హైదరాబాదులోని రెడ్డి వసతి గృహానికి కార్యదర్శి అయ్యారు. వనపర్తి సంస్థానం నుండి వచ్చి నగర కొత్వాలు పదవిని అధిష్ఠించిన రాజా బహదూర్ వేంకటరామారెడ్డి ఆయనకు అండగా నిలిచారు. 1926 మే 10న గోలకొండ పత్రిక ప్రారంభమైంది.

ఆ పత్రిక మొదట వారానికి రెండుసార్లు వెలువడేది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి చేతితో కూర్చే రోజులవి. గుణింతాలతో, ఒత్తులతో కూడిన తెలుగు లిపిని కూర్చడం మరింత ఓర్పుతో కూడిన పని. ఒక అక్షరం తారుమారైతే అర్థమే మారిపోతుంది. పెద్ద సిబ్బందిని నియమించుకునే స్తోమత పత్రికకు లేదు. అందువల్ల సంపాదకీయం రాయడం, వ్యాసాలను సంస్కరించడం, అచ్చు ప్రతులలోని తప్పులు దిద్దడం మొదలుకొని గుమస్తా చేయవలసిన పనుల వరకు ప్రతాపరెడ్డియే నిర్వహించేవారు. వేర్వేరు కలం పేర్లతో తానే అనేక రచనలు చేసి పుటలు నింపేవారు.

శ్రమకన్న కఠినమైనది ప్రభుత్వ నిర్బంధం. ముందుగా అనుమతి పొందిన తరువాతనే సంపాదకీయాలు ప్రచురించాలని ఒక దశలో పాలకులు ఆదేశించారు. అనుమతి కోరితే స్వతంత్రత పోతుంది; ధిక్కరిస్తే పత్రికయే మూతపడుతుంది. ప్రతాపరెడ్డి ఈ రెంటికీ లొంగలేదు. సంపాదకీయం స్థానంలో ప్రపంచ మేధావుల సూక్తులను ఏర్చి ప్రచురించారు. ఆజ్ఞను మీరినట్లు కాలేదు. చెప్పదలచిన మాట ఆగనూ లేదు.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులు లేరన్న అభిప్రాయం ఒకటి గోలకొండ పత్రికకు చేరినప్పుడు, ఆయన దానికి వాగ్వాదంతో బదులు చెప్పి ఊరుకోలేదు. ఊరూరి నుండి రచనలు సేకరించి, 354 మంది కవుల పద్యాలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆధారాలు చూపిన తరువాత ఇక వాదానికి తావు లేకపోయింది.

రాజుల యుద్ధాలకన్న సామాన్యుల జీవితమే చరిత్రకు ముఖ్యమని భావించి, ప్రజల తిండి, దుస్తులు, పండుగలు, వృత్తులు, ఆటపాటలను పరిశోధించి ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించారు. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ ఆంధ్రుల సాంఘిక చరిత్రకు పురస్కారం ప్రకటించింది. తెలుగు గ్రంథాలలో ఆ గౌరవం పొందిన మొదటిది అదే. ఆయన మరణించిన ఏడు దశాబ్దాల తరువాత, 2024లో, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది.

ప్రతాపరెడ్డి వద్ద అధికారం గాని, అపార ధనం గాని లేవు. ఆయనకు ఉన్నది కొద్దిపాటి పుటల పత్రిక మాత్రమే. తమ భాషకు విలువ లేదని నమ్మించబడిన ప్రజలు ఆ పుటలలో తమ ఊళ్లను, తమ కవులను, తమ కష్టసుఖాలను చూసుకోగలిగారు.